కిడ్నీ జబ్బు ఉన్న పెద్దవాళ్ళను ఇంట్లో ఎలా చూసుకోవాలి

మా నాన్నకు కిడ్నీలు దెబ్బతిన్నాయని తెలిసిన రోజు ఇంట్లో అందరం కలిసి చేసిన మొదటి పని, తినకూడని వాటి జాబితా రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించడం. చూడటానికి వచ్చినవాళ్ళు తలా రెండు పేర్లు చేర్చి వెళ్ళారు. రెండు నెలలు తిరిగేసరికి ఆయన నాలుగు కిలోలు తగ్గిపోయారు, మెట్లెక్కే ఓపిక పోయింది. అప్పుడు డాక్టర్ గారు మమ్మల్ని రెండే ప్రశ్నలు అడిగారు. రోజూ బరువు చూస్తున్నారా? మోకాళ్ళ నొప్పికి ఏ మాత్ర వేసుకుంటున్నారు? రెండింటికీ మా దగ్గర జవాబు లేదు.

పెద్దవాళ్ళ బాగోగులు చూడటానికి మన భాషలో మంచి మాట ఉంది, కనిపెట్టుకుని ఉండటం అని. ఈ జబ్బులో ఇంట్లోవాళ్ళు చేయగలిగిన అసలు పని అదే. కిడ్నీలు చెడుతున్నప్పుడు సాధారణంగా నొప్పి ఉండదు. బరువులో, వాపులో, ఆకలిలో, నిద్రలో చిన్న చిన్న మార్పులుగా బయటపడుతుంది. వాటిని అందరికంటే ముందు చూడగలిగేది పక్కన ఉండే మీరే. ఏది ముందు చేయాలో, ఏది తర్వాతో మేం ఆలస్యంగా నేర్చుకున్నాం. మీకు ఆ ఆలస్యం జరగకూడదని ఆ వరసలోనే రాస్తున్నాను.

1. ముందు రిపోర్టు చదవడం నేర్చుకోండి

అందరూ క్రియాటినిన్ అంకె ఒక్కటే చూస్తారు. పెద్దవాళ్ళ విషయంలో ఆ అంకెను నమ్ముకుంటే పొరబడతాం. క్రియాటినిన్ కండరాల నుంచి వచ్చే వ్యర్థం. వయసు మీద పడి కండ తగ్గినవాళ్ళలో అది తయారయ్యేదే తక్కువ. అందుకని కిడ్నీలు సగం పనే చేస్తున్నా అంకె మామూలుగా కనబడవచ్చు. రిపోర్టులో ఈజీఎఫ్ఆర్ (eGFR) అని ఎక్కడుందో వెతకండి. వయసును, ఆడా మగా అన్నదాన్ని కూడా లెక్కలోకి తీసుకుని, కిడ్నీలు ఎంత బాగా వడకడుతున్నాయో అంచనా కట్టే అంకె అది. క్రియాటినిన్ 1.2 ఉంటే 30 ఏళ్ళ మగమనిషికి ఈజీఎఫ్ఆర్ సుమారు 83 వస్తుంది. అదే 1.2 ఉన్న 80 ఏళ్ళ ఆవిడకు 46 దగ్గరే ఆగుతుంది.

ఈజీఎఫ్ఆర్ 60 కంటే తక్కువగా మూడు నెలలకు పైగా ఉంటే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అంటారు. 30 నుంచి 59 వరకు మూడో దశ, 15 నుంచి 29 వరకు నాలుగో దశ, 15 కంటే తగ్గితే ఐదో దశ. మూడో దశ అనగానే క్యాన్సర్ దశల్లాగా అనుకుని బెంబేలెత్తకండి. మూడో దశలో ఉన్న పెద్దవాళ్ళలో చాలామందికి డయాలిసిస్ దాకా వెళ్ళే పరిస్థితే రాదు. ఎవరికి జబ్బు త్వరగా ముదురుతుందో చెప్పేది ఇంకో పరీక్ష, మూత్రంలో అల్బుమిన్ అనే ప్రోటీన్ ఎంత పోతోందో చూసేది. గ్రాము క్రియాటినిన్‌కు 30 మిల్లీగ్రాముల లోపు ఉంటే మామూలు. 300 దాటితే జాగ్రత్త పడాలి.

ఒక్క రిపోర్టును బట్టి దేనికీ సిద్ధపడిపోవద్దు. రెండు రోజులు విరేచనాలు అయితే చాలు, అంకెలు పాడవుతాయి. మగవాళ్ళలో ప్రోస్టేట్ పెరిగి మూత్రం అడ్డుపడినా పాడవుతాయి, ఆ అడ్డు తీసేస్తే చాలావరకు తేరుకోవచ్చు. కాబట్టి పాత రిపోర్టులన్నీ తేదీల వరసలో పెట్టి, ఈజీఎఫ్ఆర్‌లు మాత్రం ఒక కాగితం మీద ఒకదాని కింద ఒకటి రాయండి. నెమ్మదిగా దిగుతోందా, ఉన్నట్టుండి జారిందా అన్నది ఆ కాగితమే చెబుతుంది. డాక్టర్ దగ్గర ఫైలంతా తిరగేసే పని కూడా తప్పుతుంది.

2. ఒక నోటుబుక్కు, ఒక బరువు మిషన్, ఒక బీపీ మిషన్

ఈ మూడూ ఇంట్లో ఉండాలి. పొద్దున లేచి మూత్రానికి వెళ్ళొచ్చాక, ఏమీ తినకముందు, ఇంచుమించు ఒకే రకం బట్టల్లో బరువు చూడండి. రాయండి. కొవ్వు ఒక్క రాత్రిలో పెరగదు. రోజులో కిలో, లేదా వారంలో రెండు కిలోలు పెరిగితే అది ఒంట్లో నిలిచిన నీరే అయి ఉంటుంది. వాపు కంటికి కనబడేకంటే ముందే బరువు చెప్పేస్తుంది. ఆ పెరుగుదల చూసిన రోజే డాక్టర్‌కు ఫోన్ చేయండి. వాపు కోసం చీలమండ దగ్గర ఎముక మీద బొటనవేలితో కాసేపు నొక్కి చూడాలి. గుంట పడి అలాగే ఉండిపోతే నీరు చేరినట్టు. ఎప్పుడూ మంచం మీదే ఉండేవాళ్ళలో ఆ నీరు కాళ్ళలో కాకుండా నడుము కింద చేరుతుంది, అక్కడా చూడండి.

బీపీ చూసే ముందు అయిదు నిమిషాలు కుర్చీలో వీపు ఆనించి కూర్చోబెట్టండి. మాట్లాడించకండి. చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి. తర్వాత నిలబెట్టి, ఒకటి నుంచి మూడు నిమిషాల మధ్య మరోసారి చూడండి. నిలబడితే పై అంకె 20 గానీ అంతకంటే ఎక్కువ గానీ పడిపోతోందంటే, కళ్ళు తిరిగి పడిపోయే ప్రమాదం ఉంది. పెద్దవాళ్ళకు తుంటి విరగడం కిడ్నీ జబ్బుకు తీసిపోని దెబ్బ. అందుకని బీపీ ఎంత ఉండాలన్నది పక్కింటివాళ్ళతో పోల్చుకోవద్దు. మీ ఇంట్లో మనిషికి ఎంత ఉండాలో డాక్టర్‌ను అడిగి నోటుబుక్కు మొదటి పేజీలో రాసి పెట్టుకోండి.

షుగర్ ఉన్నవాళ్ళ ఇళ్ళలో ఒక విషయం దగ్గర చాలామంది పొరబడతారు. ఏళ్ళ తరబడి ఎక్కువగా ఉన్న షుగర్ ఎందుకో తగ్గుముఖం పడుతుంది. జబ్బు నయమవుతోందని సంతోషిస్తారు. నిజానికి ఇన్సులిన్‌ను ఒంట్లోంచి తీసేసే పనిలో కిడ్నీలకూ వాటా ఉంది. అవి నీరసించాక ఇన్సులిన్ ఎక్కువసేపు నిలిచిపోతుంది. కొన్ని షుగర్ మాత్రలూ అంతే. అర్ధరాత్రి చెమటలు, వణుకు, తికమక మాటలు కనబడితే వెంటనే షుగర్ చూడండి. మందు మోతాదు తగ్గించాలేమోనని అడగండి.

3. మందులన్నీ ఒక సంచిలోకి తెండి

ఈ అడుగు మీద ఎక్కువసేపు నిలబడతాను, ఎందుకంటే తిండి కంటే మందుల వల్ల జరిగే నష్టం పెద్దది, త్వరగా జరిగేది.

ఒక ఆదివారం కూర్చుని ఇంట్లో ఉన్న మాత్రలు, సిరప్పులు, పొడులు, లేపనాలు అన్నీ బల్ల మీద పెట్టండి. తలగడ కింద, కళ్ళజోడు పెట్టెలో దాచుకున్నవి కూడా. కోప్పడకుండా అడిగితేనే అవి బయటికి వస్తాయి. మా నాన్న చొక్కా జేబులో డైక్లోఫెనాక్ పట్టీ దొరికింది. అది బీపీ మాత్రతో పాటు, నీరు పోయే మాత్రతో పాటు ఏడాదిగా రోజూ లోపలికి వెళుతోంది. ఆ మూడూ కలిస్తే కిడ్నీలకు అందే రక్తం తగ్గిపోతుంది. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, నాప్రోక్సెన్ లాంటి నొప్పి మాత్రలు డాక్టర్ ప్రత్యేకంగా రాస్తే తప్ప వద్దు. నొప్పిని భరించమని కాదు. పారాసిటమాల్ డాక్టర్ చెప్పిన మోతాదులో సాధారణంగా ఫరవాలేదు. వేడి కాపడం, వ్యాయామం చేయించే ఫిజియోథెరపిస్ట్ సాయం కూడా అడగండి. నొప్పికి మరో దారి చూపించకపోతే ఆ పట్టీ మళ్ళీ జేబులోకి వస్తుంది.

మలబద్ధకానికి, గ్యాస్‌కు ఎవరినీ అడగకుండా కొనుక్కునే వాటిలో మెగ్నీషియం, అల్యూమినియం ఉండేవి ఉన్నాయి, కిడ్నీ జబ్బులో అవి ఒంట్లో పేరుకుంటాయి. నీళ్ళలో వేస్తే పొంగే మాత్రల్లో సోడియం ఎక్కువ. కిడ్నీలను బాగుచేస్తామని అమ్మే మూలికల మందుల విషయంలో నేను గట్టిగా చెబుతాను, వద్దు. అరిస్టలోకిక్ ఆమ్లం ఉండే మూలికలు కిడ్నీలను శాశ్వతంగా పాడుచేస్తాయని వైద్యులు నిర్ధారించారు. సీసం, పాదరసం కలిసిన పొడులూ అంతే. సీసా మీద ఏమేం ఉన్నాయో రాసి లేకపోతే, అది ఎంత నమ్మకస్తులు ఇచ్చినా పక్కన పెట్టండి.

ఇక మంచి మందుల వల్ల కూడా ఇబ్బంది రావచ్చు. నరాల నొప్పికి ఇచ్చే గాబాపెంటిన్, కండరాలు పట్టేసినప్పుడు ఇచ్చే బాక్లోఫెన్, కొన్ని యాంటీబయోటిక్‌లు కిడ్నీల ద్వారానే బయటికి పోవాలి. మోతాదు తగ్గించకపోతే పేరుకుని మనిషి మత్తుగా పడి ఉండటం, పొంతన లేకుండా మాట్లాడటం మొదలవుతుంది. దాన్ని వయసు మీదకు నెట్టేయడం తేలిక. కొత్త మందు మొదలైన వారంలో ఇలా మారితే ముందు ఆ మందునే అనుమానించండి. పళ్ళ డాక్టర్ అయినా, కళ్ళ డాక్టర్ అయినా మీరు చెప్పే మొదటి మాట ఇదే కావాలి: వీరికి కిడ్నీ జబ్బు ఉంది, ఈజీఎఫ్ఆర్ ఇంత. స్కాన్ కోసం రంగు మందు ఎక్కిస్తామన్నప్పుడూ అదే మాట.

ఒక హెచ్చరిక. కిడ్నీలను కాపాడటానికి ఇచ్చే కొన్ని బీపీ మాత్రలు మొదలుపెట్టాక క్రియాటినిన్ కాస్త పెరగడం మామూలే. దాన్ని చూసి భయపడి మీ అంతట మీరు ఆపేయకండి. ఎంత పెరిగితే ఆపాలో డాక్టర్ చూసుకుంటారు. ఫాస్ఫరస్ తగ్గించే మాత్ర రాసి ఉంటే దాన్ని భోజనంతో పాటే వేయాలి. అన్నంతో కలిస్తేనే అది పనిచేస్తుంది, రెండు గంటల తర్వాత గుర్తొచ్చి వేస్తే లాభం లేదు.

4. తిండి: తగ్గించాల్సింది తక్కువ, తినిపించాల్సింది ఎక్కువ

అందరికీ వర్తించే నియమం ఉప్పు ఒక్కటే. వంటలో వేసేది, బయట కొనే తిండిలో ఉండేది అన్నీ కలిపి రోజుకు 5 గ్రాములు, అంటే సుమారు ఒక చెంచా లోపు. ప్యాకెట్ తిండి ఆపితేనే సగం పని అయిపోతుంది. తగ్గించిన రుచిని నిమ్మరసం, వెల్లుల్లి, మిరియాలు, జీలకర్ర నింపుతాయి. రెండు మూడు వారాలకు నాలుక అలవాటు పడుతుంది. గుండెకు మంచిదని అమ్మే తక్కువ సోడియం ఉప్పు మాత్రం తేవద్దు. అందులో సోడియం బదులు పొటాషియం కలుపుతారు, కిడ్నీ జబ్బులో అది గుండె లయనే దెబ్బతీయగలదు.

పొటాషియం విషయానికొస్తే, అరటిపండు, కమలా, టమాటా, బంగాళదుంప, కొబ్బరినీళ్ళు అన్నీ మొదటి రోజే మానిపించాల్సిన పని లేదు. రక్తంలో పొటాషియం ఎక్కువగా వస్తేనే తగ్గించాలి. మేం చేసిన పెద్ద తప్పు ఇదే, పరీక్ష చూడకుండా పండ్లన్నీ ఆపేశాం. ఆయనకు పొటాషియం అప్పటికి మామూలుగానే ఉంది. ఒకవేళ ఎక్కువగా ఉంటే దుంపలను, కూరగాయలను చిన్న ముక్కలుగా తరిగి ఎక్కువ నీళ్ళలో ఉడికించి, ఆ నీళ్ళు పారబోయండి. ఒక్క పండు మాత్రం ఏ దశలోనైనా వద్దు, కోస్తే నక్షత్రంలా కనిపించే స్టార్ ఫ్రూట్. అందులో ఉండే విషాన్ని జబ్బుపడ్డ కిడ్నీలు బయటికి పంపలేవు, అది మెదడుకు ఎక్కి ఫిట్స్ రావచ్చు, ప్రాణం కూడా పోవచ్చు.

ప్రోటీన్ గురించి వినే మాటలు ఒకదానికొకటి పొసగవు. డయాలిసిస్ లేనివాళ్ళకు సాధారణంగా చెప్పేది కిలో బరువుకు రోజుకు 0.8 గ్రాములు, అంటే 60 కిలోల మనిషికి 48 గ్రాములు. డయాలిసిస్ మొదలయ్యాక అది 1 నుంచి 1.2 గ్రాములకు పెరగాలి, ఎందుకంటే డయాలిసిస్‌లో ప్రోటీన్ పోతుంది. చిక్కిపోతున్న పెద్దవాళ్ళకైతే డయాలిసిస్ లేకపోయినా ఎక్కువే కావాల్సి రావచ్చు. చొక్కా వదులైందా, కుర్చీలోంచి చేతి ఊతం లేకుండా లేవగలుగుతున్నారా అని చూస్తుండండి. చొక్కా వదులైనా, అలా లేవలేకపోతున్నా డైటీషియన్‌ను కలవండి. నోట్లో ఇనుము రుచి తగులుతోందని, వాంతి వచ్చేలా ఉందని కంచం తోసేస్తుంటే అది మొండితనం అనుకోకండి. రక్తంలో వ్యర్థాలు పెరిగితే అలాగే ఉంటుంది. కొంచెం కొంచెంగా అయిదారు సార్లు పెట్టండి, చల్లారినవి పెట్టండి, పక్కన కూర్చుని మీరూ తినండి.

నీళ్ళు ఎక్కువ తాగితే కిడ్నీలు శుభ్రపడతాయన్న మాట ఈ జబ్బులో నిజం కాదు. మూత్రం బాగానే వస్తూ, వాపు లేకపోతే దాహాన్ని బట్టి తాగనివ్వండి. తగ్గించమని డాక్టర్ చెబితే మాత్రం రోజు మొత్తానికి సరిపడే నీళ్ళు పొద్దునే ఒక సీసాలో కొలిచి పెట్టండి. కాఫీ, మజ్జిగ, చారు, మాత్రలకు తాగేవి అన్నీ అందులోంచే లెక్క. చిన్న గ్లాసు వాడటం, నోరు పుక్కిలించడం, ఒక ఐసు ముక్క చప్పరించడం దాహాన్ని ఓదారుస్తాయి. ఉప్పు తగ్గితే దాహమే తగ్గుతుంది.

5. వాంతులు, విరేచనాల రోజు ఏం చేయాలో ముందే అడిగి ఉంచుకోండి

ఇది చాలామందికి తెలియదు. బాగున్న రోజుల్లో కిడ్నీలను కాపాడే మందులే ఒంట్లో నీరు తగ్గిపోయిన రోజు వాటికి భారమవుతాయి. బీపీ మాత్రల్లో కొన్ని, నీరు పోయే మాత్రలు, షుగర్‌కు ఇచ్చే మెట్‌ఫార్మిన్, మూత్రంలో చక్కెర పోయేలా చేసే మాత్రలు ఆ ఒకటి రెండు రోజులు ఆపమని చెబుతుంటారు. ఏవి ఆపాలి, మళ్ళీ ఎప్పుడు మొదలుపెట్టాలి అన్నది బాగున్న రోజునే డాక్టర్‌తో రాయించుకోండి. జ్వరంతో వాంతులు అవుతున్న అర్ధరాత్రి ఆ కాగితం మీకు దారి చూపిస్తుంది. ఒక రోజు దాటినా తగ్గకపోతే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

6. చేతి నరాలను కాపాడండి, డయాలిసిస్ గురించి ముందే మాట్లాడండి

ఈజీఎఫ్ఆర్ 30 కంటే తగ్గినప్పటి నుంచి, రాసే చెయ్యి కాని చేతిలో మోచేతికి పైనా కిందా సూదులు గుచ్చనివ్వకండి. రక్తం తీయాలంటే అరచేతి వెనక నుంచి తీయమనండి. రేపు డయాలిసిస్ కోసం ఫిస్టులా, అంటే ఆపరేషన్ చేసి చేతిలో రెండు రక్తనాళాలను కలపడం, పెట్టాల్సి వస్తే ఆ రక్తనాళాలే కావాలి. ఫిస్టులా పెట్టాక వాడకానికి సిద్ధం కావడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. ఆ చేతికి బీపీ చూడకూడదు, గడియారం పెట్టకూడదు, దాని మీద పడుకోకూడదు. రోజూ పొద్దున వేళ్ళు ఆనించి చూడండి, పిల్లి గురగురలాడినట్టు అదురు తెలియాలి. అదురు ఆగిపోతే మరుసటి రోజుదాకా ఆగకుండా వెంటనే వెళ్ళాలి. ఫిస్టులా నుంచి రక్తం కారితే ఆ చోటనే వేలితో గట్టిగా నొక్కిపట్టి సాయం పిలవండి. ఫిస్టులా బదులు మెడ దగ్గర గొట్టం ఉంటే అది తడవకూడదు. చలి జ్వరం వస్తే దాన్ని మామూలు జ్వరం అనుకోవద్దు.

డయాలిసిస్ చేయించాలా వద్దా అన్నది ఇంటిల్లిపాదినీ కలతపెట్టే ప్రశ్న. నెదర్లాండ్స్ డాక్టర్ విల్లెం కోల్ఫ్ తయారుచేసిన కృత్రిమ కిడ్నీతో మొదటిసారి ప్రాణం నిలిచింది 1945లో, 67 ఏళ్ళ ఒక ఆవిడకు. ఆవిడది ఉన్నట్టుండి వచ్చిన జబ్బు, కిడ్నీలు మళ్ళీ కోలుకున్నాయి. దీర్ఘకాలిక జబ్బులో అలా కోలుకోవడం ఉండదు. మిషన్ మీద చేసే డయాలిసిస్ అయితే సాధారణంగా వారానికి మూడు సార్లు, ఒక్కోసారి సుమారు నాలుగు గంటలు, ఆ తర్వాత మిగిలిన రోజంతా నీరసం. కొందరు పెద్దవాళ్ళు దానితో ఏళ్ళు బాగా గడుపుతారు. ఇంట్లోనే పొట్టలోకి ద్రవం ఎక్కించి తీసే పద్ధతి ఇంకొకటి. రోజుకు మూడు నాలుగు సార్లు శుభ్రంగా చేయాలి, బయటికొచ్చే ద్రవం మసకబారితే ఇన్ఫెక్షన్ అని అర్థం, వెంటనే చెప్పాలి. ఎనభై దగ్గరపడి, గుండె జబ్బు లాంటివి కూడా ఉండి, మంచం పట్టినవాళ్ళకు డయాలిసిస్ ఆయుష్షును పెద్దగా పెంచకపోవచ్చు. డయాలిసిస్ లేకుండా ఆయాసం, దురద, వికారం, నొప్పి తగ్గిస్తూ చూసుకోవడం కూడా ఒక వైద్యమే. వదిలేసినట్టు కాదు.

ఏది ఎంచుకున్నా ముందు అడగాల్సింది ఆ పెద్దమనిషిని. పిల్లలు వసారాలో నిలబడి మాట్లాడుకుని, నిర్ణయం లోపలికి మోసుకెళ్ళడం నేను చాలా ఇళ్ళలో చూశాను. ఆరోగ్యం కాస్త కుదురుగా ఉన్న రోజున పక్కన కూర్చుని అడగండి: మీకు ఏది చేయగలిగితే ఆ రోజు బాగా గడిచినట్టు? దేనికి భయపడుతున్నారు? మా నాన్న సాయంత్రం నడక పోకూడదన్నారు. డయాలిసిస్ వేళలు నిర్ణయించుకునేటప్పుడు మాకు ఆ ఒక్క మాటే ఆధారమైంది.

7. పక్కన పెట్టేసే చిన్న బాధలు

నీరసం వయసు వల్లే అనుకోకండి. రక్తం తయారు కావడానికి కావలసిన హార్మోను కిడ్నీల నుంచే వస్తుంది. హిమోగ్లోబిన్ తగ్గితే ఐరన్‌తో, ఇంజెక్షన్లతో సరిచేయవచ్చు. దురదకు గోరువెచ్చని స్నానం, ఒళ్ళు తడి ఆరకముందే రాసే క్రీము ఉపశమనాన్నిస్తాయి. రాత్రి కాళ్ళు ఊరికే ఉండనివ్వకపోతే అదీ డాక్టర్‌కు చెప్పండి. ఫ్లూ, న్యుమోనియా, హెపటైటిస్ బి టీకాల గురించి అడగండి. స్నానాల గదిలో పట్టుకోవడానికి కమ్మీ, రాత్రిపూట దారిలో చిన్న లైటు పెట్టండి.

8. మీ వంతు మీరు పంచుకోండి

ఒక్కరే చేస్తే ఆరు నెలల్లో ఒళ్ళూ మనసూ అలిసిపోతాయి. దూరంగా ఉన్న తోబుట్టువులకు దూరం నుంచే చేయగలిగిన పనులు ఇవ్వండి. డాక్టర్ అపాయింట్‌మెంట్లు, బిల్లులు, మందుల ఆర్డరు, రోజూ ఒక ఫోన్. నెలకు రెండు రోజులు వాళ్ళు వచ్చి ఉంటే నోటుబుక్కు వాళ్ళ చేతిలో పెట్టి మీరు వెళ్ళండి. అన్నీ అందులో ఉన్నప్పుడు టెన్షన్ పడకుండా వెళ్ళగలుగుతారు.

మా ఫ్రిజ్ తలుపు మీద ఇప్పుడు పాత జాబితా లేదు. ఒక్క కాగితం ఉంది, పెద్ద అక్షరాలతో. పైన నాన్న పేరు, వయసు, చివరి ఈజీఎఫ్ఆర్, మామూలు బరువు. దాని కింద వేసుకునే మందులు, వేయకూడని మందులు, సూది గుచ్చకూడని చెయ్యి ఏదో. డాక్టర్ నంబరు. ఆ కింద, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సిన గుర్తులు: పడుకుంటే ఆయాసం రావడం, ఛాతీ నొప్పి, ఉన్నట్టుండి కాళ్ళూ చేతులూ సత్తువ లేకుండా అయిపోవడం, నాడి మరీ నెమ్మదించడం, మత్తు లేదా తికమక, ఫిట్స్, మూత్రం బాగా తగ్గిపోవడం లేదా ఆగిపోవడం, ఫిస్టులాలో అదురు తెలియకపోవడం. ఎవరు ఇంట్లో ఉన్నా చదివి అర్థం చేసుకోగలిగేలా రాశాం. మీరు రాసుకునేటప్పుడు అంకెలు పెన్సిల్‌తో రాయండి, ప్రతి రిపోర్టుకూ మారుతుంటాయి.